బ్రేకమ్మ కారు, దర్జీ నాడా

ఆ ఊళ్ళో కారు నడిపే ఆడవాళ్ళలో చాలామందికి మొదటిసారి చెమటలు పట్టింది ఆమె పక్కనే. ఆమెకు మాత్రం చెమట పట్టేది కాదు. ఆమె కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంది, ఇంకో క్లచ్చు ఉంది. నేర్చుకునేవాళ్ళ కాలు తడబడినా ఆమె కాలు తడబడదు. అందుకని ఆమెను బ్రేకమ్మ అన్నారు. మొదట వెనకాల అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు. కారు మీదికి బోర్డు రాయించే రోజు వచ్చినప్పుడు ఆమే ఆ పేరు రాయించింది.

పెళ్ళైన కొత్తలో ఆమె కాజాలు కుట్టేది. భర్త దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. చొక్కా అంతా ఆయన కుట్టి కాజాలు ఆమెకు వదిలేసేవాడు. కుట్టు పూర్తయ్యాక దారం కొస వేలాడితే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర. ఎవరి బట్ట మీద దారం కనిపించినా అడగకుండానే కత్తిరించేవాడు. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో పెళ్ళికొడుకు చేతి కంకణం దారం కొస కూడా కత్తిరించాడు.

ఆమె కాజాలు కుడుతూ కిటికీలోంచి రోడ్డు చూసేది. ఒకరోజు సూది గుచ్చి పక్కన పెట్టి, "నేను కారు నేర్చుకుంటానండీ" అంది.

"మరి కాజాలు ఎవరు కుడతారు?" అన్నాడు దర్జీ.

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "నేను కుడతాలేరా. దాన్ని పోనీ. రోడ్డు చూసి చూసి కాజాలన్నీ వంకర పెడుతోంది."

మొదటి పరీక్ష తప్పింది. రెండోది నెగ్గింది. పక్కింటావిడకు నేర్పింది. పక్కింటావిడ తన చెల్లెల్ని తీసుకొచ్చింది. అలా పెరిగింది. ఒక పాత చిన్న కారు కొన్నారు. దానికి రెండో జత పెడల్స్ బిగించింది మరిది.

మరిది మెకానిక్కు. వీధి చివర అతని షెడ్డు. ఎలాంటి ఇంజనైనా కళ్ళు మూసుకుని విప్పి బిగించేవాడు. రివర్స్‌లో పోవడం మాత్రం కళ్ళు తెరుచుకున్నా చేతకాదు. షెడ్డు గోడకి ఒక మూల ఇటుకలు ఊడిపోయి ఉండేవి. అడిగితే, "అది పాత గోడ వదినా" అనేవాడు.

బ్రేకమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు మిగతా చోట్ల వద్దనిపించుకున్నవాళ్ళు. వయసు మీద పడ్డవాళ్ళు, గేరు పేరు చెబితే వణికేవాళ్ళు, మొగుళ్ళు నేర్పబోయి అరిచి మానేసినవాళ్ళు. వాళ్ళు బండిని ఆపేస్తారు. మళ్ళీ స్టార్ట్ చేస్తారు. మళ్ళీ ఆపేస్తారు. ఆమె ఏమీ అనదు. "ఏం పర్లేదమ్మా, మళ్ళీ" అంటుంది. ఆ ఒక్క మాట కోసమే వచ్చేవాళ్ళు.

ఆ మాట ఈమధ్య ఆమె నోట తేలిగ్గా రావడం లేదు.

కారు పొగ వదలడం మొదలుపెట్టింది. నీలం పొగ. ఆయిల్ కాలిన ఘాటు వాసన. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున లేచేది. కాసేపటికి తగ్గేది. నేర్చుకునేవాళ్ళు బండిని నిలబెట్టి, ఆమె చెప్పేది చాలాసేపు విని, భయంభయంగా యాక్సిలరేటర్ తొక్కితే మళ్ళీ గుప్పున లేచేది. వెనక నడిచేవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. నేర్చుకునే మనిషి తనవల్లే అనుకుని, "సారీ మేడమ్, ఏం చేశాను?" అని స్టీరింగు వదిలేసేది. ఇంజన్ ఆయిల్ చూస్తే ఎప్పుడూ తక్కువే. పోస్తూనే ఉంది.

సోమవారం వాహనాల తనిఖీ. పోయినసారే అక్కడి అధికారి పొగ చూసి హెచ్చరించాడు. ఈసారి పొగ వస్తే కారుకి నేర్పే అనుమతి పోతుంది. ఆ వారమే ఆమె దగ్గర నేర్చుకుంటున్న నర్సుకి లైసెన్సు పరీక్ష. వేరే కార్లో రెండుసార్లు తప్పింది. ఈ కారు క్లచ్చు మాత్రమే తన మాట వింటుందని నర్సు నమ్మకం.

శుక్రవారం మరిది వచ్చి, బానెట్ ఎత్తి, స్టార్ట్ చేయించి, పొగ ఒక్కసారి పీల్చి తల అడ్డంగా ఊపాడు.

"రింగులు పోయాయి వదినా. పిస్టన్ రింగులు. ఇంజన్ దింపాల్సిందే."

"ఎప్పటికి అవుతుంది?"

"నా షెడ్డులో ఇప్పటికే మూడు బండ్లు కడుపులు తెరుచుకుని పడున్నాయి. సోమవారానికైతే దేవుడు దిగొచ్చినా కాదు."

"మరి ఎత్తు ఎక్కేటప్పుడు పొగ రాదేం?"

"ఏం?"

"నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తు ఉంది కదా. నలుగురిని కూర్చోబెట్టుకుని రెండో గేరులో ఎక్కించాను. అద్దంలో చూస్తూనే ఉన్నాను. పొగ లేదు. పైకెక్కాక యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి గేరులోనే దిగి, కింద మళ్ళీ తొక్కాను. అప్పుడు వచ్చింది. రింగులైతే బరువు లాగేటప్పుడు రావాలి కదా?"

మరిది గడ్డం గోక్కున్నాడు. "వదినా, నువ్వు అద్దం చూసి చెప్తున్నావు. నేను ఇరవయ్యేళ్ళుగా ఇంజన్లు చూసి చెప్తున్నాను."

"నేను ఈ కారు వెనకే పడి చూస్తున్నాను మరిదిగారూ. ఇవి వాల్వ్ సీల్స్."

వాల్వు కాడ మీద కూర్చునే రబ్బరు టోపీ అది. పైనున్న ఆయిల్ కిందికి జారి, మంట మండే చోటికి పోకుండా ఆపుతుంది. ఏళ్ళ తరబడి వేడికి ఉడికి గట్టిపడితే కాడను పట్టుకోలేదు. బండి ఆగినంతసేపూ ఆయిల్ చుక్కచుక్కగా దిగుతుంది. స్టార్ట్ చేయగానే అదంతా కాలుతుంది. బ్రేకమ్మ ఇదంతా ఫోన్లో చూసింది. చూసినదాన్ని మళ్ళీ కారుతో సరిపోల్చుకుంది. రాత్రి కారు కింద పాత పేపర్లు పరిచి, పొద్దున తీసి చూసింది. ఒక్క మరక లేదు. కారడం లేదు, కాలుతోంది.

"సీల్సే అయితే?" అంది.

"అయితే నీ దగ్గర రివర్స్ నేర్చుకుంటాను, బోర్డున్న కార్లో కూర్చుని, వీధంతా చూస్తుండగా" అన్నాడు మరిది. "కాకపోతే కారు తెచ్చి నా షెడ్డులో పెట్టి, నోరెత్తకుండా కూర్చోవాలి."

కిటికీ దగ్గర క్రోషా అల్లుతున్న అత్తగారు నవ్వింది. "వీణ్ణి రివర్స్‌లో చూడ్డానికైనా అవి సీల్సే కావాలి."

శనివారం బ్రేకమ్మ మరిది దగ్గర్నుంచి ఒత్తిడి కొలిచే గేజి తెచ్చింది. ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో గేజి బిగించింది. దర్జీ లోపల కూర్చుని తాళం తిప్పాడు. ముల్లు లేచి నిలబడింది. రెండోదానికి అంతే. మూడోదానికి అంతే. నాలుగోదానికి కూడా.

తర్వాత ఒక్కోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూసింది. రింగులు అరిగితే పోసిన ఆయిల్ ఆ సందులు మూసి ముల్లు బాగా పైకి ఎగరాలి. ఎగరలేదు. దాదాపు ఉన్నచోటే నిలిచింది.

ఆమె గేజి పట్టుకుని వాకిట్లో గిర్రున తిరిగింది.

"ఏమైందే?" అని అరిచింది అత్తగారు.

"ఏమీ కాలేదత్తయ్యా! రింగులకి ఏమీ కాలేదు!"

"అయితే ఏడ్వాల్సిందా, నవ్వాల్సిందా? ముందు అది చెప్పు."

"నవ్వండి!"

అత్తగారు నవ్వింది. కారణం తర్వాత తెలుసుకోవచ్చు.

ఆదివారం పొద్దున వాకిట్లో పాత దుప్పటి పరిచారు. కొత్త సీల్స్ చిన్న డబ్బాలో ఉన్నాయి. స్ప్రింగు నొక్కే పనిముట్టు మరిదిది. ఇస్తూ, "లాకులు పారేసుకుంటే నా దగ్గర లేవు" అన్నాడు.

ఇంజన్ దింపకుండా, దాని పై దిమ్మ అయిన హెడ్ విప్పకుండా సీల్స్ మార్చాలంటే ఒక చిక్కుంది. వాల్వును పైకి పట్టి ఉంచేది స్ప్రింగే. స్ప్రింగు తీస్తే వాల్వు జారి లోపల పడుతుంది. పడితే ఇక హెడ్ విప్పాల్సిందే. అందుకు ఒక ఉపాయం ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని తాడు లోపలికి కుక్కి, ఇంజన్‌ను చేత్తో తిప్పి పిస్టన్‌ను పైకి తేవాలి. పిస్టన్ తాడును నొక్కుతుంది, తాడు వాల్వులను కింద నుంచి మోస్తుంది.

"మెత్తని తాడు, గట్టిగా ఉండాలి. పీచు రాలకూడదు" అంది బ్రేకమ్మ.

దర్జీ లోపలికి పోయి పైజామాల నాడా చుట్ట తెచ్చాడు. తెల్లని నూలు నాడా. గజం కొలిచి, ఇంకో గజం కొలిచి కత్తిరించాడు. కొసన ముడి వేయబోయాడు.

"ముడి వద్దండీ, లోపల ఇరుక్కుంటుంది. కొస బయటికి వేలాడుతుంటే చాలు."

పై మూత విప్పారు. వాల్వులను నొక్కే రాకర్లు తీసి వరుస తప్పకుండా దుప్పటి మీద పేర్చారు. ఆయిల్ దిగే రంధ్రాలన్నిటిలో గుడ్డపీలికలు కుక్కారు, ఏదీ జారి పడకుండా. మొదటి సిలిండర్లోకి నాడా ఎక్కించింది దర్జీయే. పైజామాకి ఎక్కించినట్టే, కొంచెం కొంచెంగా, ఓపికగా. ఆమె పానాతో ఇంజన్ తిప్పింది. తిరిగి తిరిగి మెత్తగా ఆగింది.

"పట్టింది!"

స్ప్రింగు నొక్కింది. వాల్వు కాడకి రెండు వైపులా పట్టుకునే లాకులు బయటపడ్డాయి. సగం కాజా అంత ఉన్నాయి. దర్జీ వాటిని అయస్కాంతంతో, సూదులు ఏరినట్టు, పైకి తీశాడు. స్ప్రింగు తీశాక అడుగున సీలు కనిపించింది. శ్రావణంతో పట్టుకుని లాగింది. అరచేతిలో పెట్టుకుని వేలితో నొక్కింది. నొక్కుకుపోలేదు. ఇంకొంచెం నొక్కితే పెళుక్కున విరిగింది.

"చూడండి! రబ్బరేనా ఇది? గుండీ!"

దర్జీ ఆ ముక్కను వెలుతురులోకి ఎత్తి చూశాడు. "నిజంగా గుండీయే. నాలుగు రంధ్రాలు పెడితే కోటుకి పనికొస్తుంది."

కొత్తదానికి ఆయిల్ రాసి, చిరగకుండా కాడ తలకు ప్లాస్టిక్ తొడుగు వేసి, మెల్లిగా దింపింది. టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడుకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాకులకు గ్రీజు అంటించి, సూది మొనతో వాటి స్థానంలో నిలిపాడు దర్జీ. మిషన్ మీద వంగినట్టే ఇంజన్ మీద వంగాడు.

ఒక్కో సిలిండరూ అయిపోయింది. తీసిన ప్రతి సీలూ విరిగింది. ప్రతి విరుపుకీ ఆమె, "ఇదిగో ఇంకో గుండీ!" అని కిటికీలోకి చూపించింది. "దండ గుచ్చి మరిది మెడలో వెయ్యవే" అంది అత్తగారు.

చివరి సిలిండరు. చివరి వాల్వు. లాకులు కూర్చున్నాయి, స్ప్రింగు లేచి వాటిని బిగించింది. ఆమె పనిముట్టు ఎత్తి పట్టుకుని, "అయిపోయిందండీ!" అని అరిచింది.

అయిపోయిందన్న మాట వినగానే దర్జీ చేయి జేబులోకి పోయింది. చిన్న కత్తెర బయటికి వచ్చింది. ప్లగ్గు రంధ్రంలోంచి వేలాడుతున్న తెల్లని కొసను ఆయన, ఎన్నో చొక్కాలకు చేసినట్టే, మొదలంటా కత్తిరించాడు.

కొస దుప్పటి మీద పడింది. మిగతాది లోపల ఉండిపోయింది.

దర్జీ కత్తెరను చూసుకున్నాడు. ఎవరో తన చేతిలో పెట్టి వెళ్ళినట్టు చూసుకున్నాడు.

"ఏమండీ," అంది ఆమె మెల్లిగా, "ఏం చేశారు?"

"దారం... వేలాడుతోందని..."

అరవాలనుకుంది. ఏళ్ళ తరబడి పక్కవాళ్ళ తప్పులకి అరవని నోరు అది. ఊపిరి బిగబట్టి వదిలింది. తర్వాత పానా తీసుకుని ఇంజన్‌ను వెనక్కి తిప్పింది. పిస్టన్ దిగింది. లోపల నాడా వదులై ఉంటుంది. టార్చి వేసి చూసింది. చీకట్లో తెల్లగా ఏదో మడత. శ్రావణం పెట్టింది, అందలేదు. తీగ వంచి పెట్టింది, తగిలి జారిపోయింది. మళ్ళీ పెట్టింది. జారిపోయింది. అలాగే ఇంజన్ తిప్పితే నాడా వాల్వు కింద నలిగి ఇరుక్కుంటుంది. హెడ్ విప్పాలి. సోమవారం పోతుంది.

"లేవండి," అంది వెనకనుంచి గొంతు. "లేవండి ఇద్దరూ. ముక్కాలిపీట వెయ్యండి."

అత్తగారు వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో క్రోషా సూది.

"అత్తయ్యా, మీకు కళ్ళు..."

"నీకున్నాయిగా కళ్ళు. ఏం పీకావు? ఆ రంధ్రంలో ఎవరికైనా ఒకటే చీకటి."

దర్జీ ఆ సూది మొదలుకి గట్టి దారం కట్టి తన వేలికి చుట్టుకున్నాడు, అది కూడా లోపలికి పోకుండా. అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని, సూదిని రంధ్రంలోకి దించి, కళ్ళు మూసుకుంది. సూది మొన లోపల తడుముకుంది. తగిలింది. ఆమె వేళ్ళు ఒక్క పిసరు తిరిగాయి, అల్లికలో కుట్టు పట్టినట్టు. పైకి తీసింది.

రంధ్రం అంచున తెల్లని మడత కనిపించింది.

"లాగకు!" అంది, కోడలు చేయి చాపుతుంటే. "ఇది నా కుట్టు." మెల్లిగా, ఒక చేతి తర్వాత ఇంకో చేయి మారుస్తూ, నాడా అంతా బయటికి తీసింది. నల్లబడి, నూనె ఓడుతూ వచ్చింది. దర్జీ మెడలో టేపు తీసి దాన్ని కొలిచాడు. తెగిన కొసను పక్కన పెట్టి రెండూ కలిపి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"సరిపోయింది," అన్నాడు. "రెండు గజాలు. లోపల ఏమీ లేదు."

బ్రేకమ్మ అత్తగారిని ముక్కాలిపీటతో సహా కౌగిలించుకుంది. గ్రీజు చేతులతోనే.

"చాల్లేవే! వీడి కత్తెర ముందు దాచిపెట్టు."

సాయంత్రానికి అంతా బిగించారు. సరిగ్గా అప్పుడే మరిది వచ్చాడు. చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఆమె తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. వెనక నీలం పొగ గుప్పున లేచి, మరిది మొహం దాకా వచ్చి, గోడ దాటిపోయింది. ఎప్పటికన్నా ఎక్కువే.

మరిది దగ్గాడు. మొహం తుడుచుకున్నాడు. ఆమె ఇంజన్ ఆపి స్టీరింగు మీద తల ఆనించింది. తర్వాత తల ఎత్తింది.

"నిన్న నేనే చెంచాలతో ఆయిల్ పోశాను. ఇన్నాళ్ళుగా దిగిందంతా సైలెన్సర్లో పేరుకుని ఉంది. అది కాలాలి కదా?"

మరిది ఆలోచించాడు. నిజాయితీ ఉన్న మనిషి. "కాలాలి," అన్నాడు. "పద, ట్యాంకు దాకా పోదాం."

పోయారు. ఎక్కారు, దిగారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగారు. మరిది వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని వెనక అద్దంలోంచి చూస్తూ కబురు చెబుతున్నాడు. "ఉంది వదినా." "ఇంకా ఉంది." "పల్చబడింది." "ఆగు, ఆగు... అది ధూళి." ఆ తర్వాత మాట్లాడలేదు.

"ఏమైంది? చెప్పు!"

"చూస్తున్నాను వదినా. ఏమీ కనపడ్డం లేదు."

అయినా అసలు పరీక్ష పొద్దుననే. రాత్రంతా నిలిచి చల్లారిన ఇంజన్ అబద్ధం చెప్పదు.

పొద్దున దర్జీ తెల్లని లైనింగు గుడ్డ చింపి తెచ్చి పొగగొట్టం వెనక రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు గుమ్మంలో. మరిది పళ్ళు తోముకుంటూ వీధిలో. ఆమె తాళం తిప్పింది.

ఇంజన్ అందుకుంది. గుడ్డ ఉబ్బింది, అల్లాడింది. ఆమె దిగి పరుగెత్తింది. గుడ్డ మీద రెండు మూడు మసి చుక్కలు, చుట్టూ చెమ్మ. నీలం లేదు. నూనె లేదు. అత్తగారు గుడ్డ లాక్కుని ముక్కుకి ఆనించుకుంది.

"నీళ్ళ వాసన," అంది.

మరిది నోట్లో నురగతోనే కేకేశాడు. ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ అవునన్నారు.

తనిఖీ దగ్గర అధికారి యాక్సిలరేటర్ తొక్కి, వెనక్కి వెళ్ళి, వంగి చూశాడు. మళ్ళీ తొక్కమన్నాడు. మళ్ళీ వంగాడు. "ఇది పోయినసారి వచ్చిన కారేనా?" అన్నాడు. అవునంది. కాగితం మీద ముద్ర పడింది. నర్సు ఆ వారమే ఆ కారులోనే పరీక్ష నెగ్గి, కారు బానెట్‌ని ముద్దు పెట్టుకుంది.

ఆదివారం మరిది మాట నిలబెట్టుకున్నాడు. బోర్డున్న కార్లో స్టీరింగు ముందు కూర్చున్నాడు. వీధంతా గుమ్మాల్లో ఉంది. దర్జీ కొట్టు మూసి వచ్చాడు. కత్తెర అత్తగారి దగ్గరుంది.

మరిది రివర్స్ గేరు వేశాడు. క్లచ్చు ఒక్కసారిగా వదిలాడు. కారు ఎగిరి ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. "ఇది క్లచ్చు తప్పు వదినా" అన్నాడు.

"ఏం పర్లేదు, మళ్ళీ" అంది బ్రేకమ్మ.

మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆపేశాడు. ఆమె అద్దంలోంచి వెనక్కి చూసింది. రోడ్డు, గోడలు, గుమ్మాల్లో మనుషులు, అన్నీ తేటగా ఉన్నాయి. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు.

"మళ్ళీ," అంది. "మళ్ళీ చెయ్యి మరిదిగారూ. ఎన్నిసార్లైనా ఆపు."